రెండో వల

ఇంకా కట్టని ఒక కొలైడర్‌లో కణాలను ఢీకొట్టిస్తే కొత్తవేమైనా బయటపడతాయా అని లెక్కలు కట్టడం నా ఉద్యోగం. మొన్న కొల్లేటికోటలో, తన చేపల చెరువు గట్టు మీద, బాబాయి అందరి ముందూ నవ్వారు.

“ఉన్న యంత్రంలో అనుకున్నవేవీ దొరకలేదంట కదమ్మా, ఇంకా పెద్దది ఎందుకంట?”

నాకు ఒళ్లు మండింది. చేపపిల్లలను వదిలే ముందు, వాటిని మింగే కొరమీనులు మిగిలాయేమోనని ఆయన అప్పుడే చెరువంతా వల లాగించారు. ఏమీ పడలేదు. అయినా అడుగు తాకే పెద్ద వల తెప్పించి మళ్లీ లాగిస్తున్నారు.

“మీరు వేయని చేప కోసం రెండో వల ఎందుకండీ?” అన్నాను.

“లేదని తేలాలి కదమ్మా!”

“నాదీ అదే పనండీ. మీ చెరువుకి గట్టుంది. నా చెరువుకి గట్టెక్కడుందో ఎవరికీ తెలియదు. పెద్ద వల అడుగుతాను. అది ఖాళీగా వస్తే, ఇంకా పెద్దది అడుగుతాను.”