జీవరత్నానికి అంతుపట్టని లారీ జబ్బు

ఎక్కడ ఆపాం? ఆఁ, లారీ మళ్ళీ మొరాయించిందన్న దగ్గర. మధ్యలో వచ్చి కూచున్నవాళ్ళ కోసం ఒక్క ముక్క వెనక్కి వెళ్దాం. కోటబొమ్మాళి స్టేషన్ రోడ్డులో లారీల కరెంటు పనులు చేసే మనిషి జీవరత్నం. ఆదివారం బాప్టిస్టు చర్చిలో పాటలకి గొంతెత్తేదీ ఆయనే, మిగతా వారమంతా డైనమోల దగ్గర చెవి ఒగ్గి కూచునేదీ ఆయనే. నవ్వకుండా మాట్లాడటం ఆయనకి చేతకాదు.

ఈ అరవై ఎనిమిది వేసవిలో ఆ నవ్వు మీదికే వచ్చింది భావనపాడు అప్పలసూరి లారీ. వారం వారం గజపతినగరం సంతకి ఎండుచేపల మూటలు మోసే డీజిలు లారీ అది. పరిగెడుతున్నంతసేపూ బంగారం. రెండు రోజులు ఇంటిముందు నిలబడిందా, బ్యాటరీ చచ్చి ఊరుకుంటుంది. సెల్ఫు కొడితే టక్కుమనడమే గాని ఇంజను తిరగదు.

"బావా, ఈపాలి సంత తప్పితే సరుకు ఇంకో లారీకి ఎక్కించెస్తానని నరసింగరావు సావుకారు సెప్పేసినాడు. నా బతుకు నీ సేతుల్లో ఉన్నాది," అన్నాడు అప్పలసూరి.

"అక్కడెందుకెట్టినావురా బావా, నా సేతుల్నిండా గ్రీజున్నాది," అన్నాడు జీవరత్నం.

అన్నాడే గాని లోపల గుబులు. ఫ్యాను బెల్టు బిగించాడు. ఇంజను ఆడుతుంటే మీటరు ముల్లు ఛార్జింగు వైపే నిలబడింది. కరెంటు బ్యాటరీ నుంచి డైనమోకి తిరిగి పోకుండా ఆపే కటౌటు కూడా విప్పి చూశాడు. అన్నీ సరే. బ్యాటరీ పైన ఎర్రగా పేరుకున్నదేదో చేపల ఉప్పు మరకేననుకుని తుడిచేశాడు. తన కొట్లో ఎన్నాళ్ళుంచినా బ్యాటరీ నిక్షేపంలా ఉంది. "ఇంటికాడ వైర్లు పీకేసి ఉంచు, సూద్దాం" అని పంపాడు.

వైర్లు పీకినా చచ్చింది. లారీతో సంబంధమే లేనప్పుడు కరెంటు ఎవరు తాగేస్తున్నట్టు?

రేపు సంత అనగా జీవరత్నం ఛార్జి చేసిన బ్యాటరీతో తనే బస్సెక్కాడు. భావనపాడులో దాన్ని బిగించి, అరుగు మీద టీ తాగుతూ కూచున్నాడు. పొద్దు వాలింది. అప్పలసూరి తల్లి జగ్గమ్మ ఇత్తడి పళ్ళెంతో బయటికొచ్చింది. అందులో పసుపూ సున్నమూ కలిపిన ఎర్రనీళ్ళు, వాటిలో గుప్పెడు రాళ్ళుప్పు. లారీ చుట్టూ మూడుసార్లు తిరిగి, "ఊరోళ్ల కళ్లు, సావుకార్ల కళ్లు, నా కోడలి కళ్లు" అంటూ లారీ పక్కన మూతలేని బ్యాటరీ పెట్టెలో గుమ్మరించింది.

"అత్తా, ఏటి సేస్తన్నావు?"

"దిస్టి తీస్తన్నాను బాబూ. జబ్బెక్కడుంటే మందక్కడే కదా. మొదట్లో సిటికెడు ఉప్పే ఏసీదాన్ని. తగ్గలేదని పెంచినాను."

మొదటిసారి లారీ ఆగింది బెల్టు వదులై, బ్యాటరీకి ఛార్జింగు అందక. ఆ సాయంత్రం మొదలైందట ఈ వైద్యం. జీవరత్నం మీటరు తీసి, ఒక తీగ వైరు తగిలించే బ్యాటరీ కొమ్ముకీ రెండోది తడిసిన పైభాగానికీ ఆనించాడు. ముల్లు లేచి కూచుంది. ఉప్పునీళ్ళ తడే ఈ కొమ్ము నుంచి ఆ కొమ్ముకి బాట వేసి, కరెంటుని చడీచప్పుడూ లేకుండా నడిపించేస్తోంది.

నవ్వు గొంతుదాకా వచ్చి ఆగింది. కొడుకు మీద ప్రేమతో పోసిన నీళ్ళవి. నీదే తప్పంటే ముసలావిడ నమ్మదు; నమ్మితే మరీ కుమిలిపోతుంది. పైగా చెప్పేవాడు చర్చి మనిషి.

"అత్తా, లారీకి ముకం ఎటేపున్నాది?"

"ముందరేపే కదేటి."

"మరి దిస్టి తీసి డొక్కలో పోస్తావేటి? నీ కొడుక్కి తీసి ఆడి కడుపులో పోస్తావా? ముందు సక్రం కింద పొయ్యి."

జగ్గమ్మ కొడుకు వైపు తిరిగింది. "ఒరే, ఇన్నాళ్లూ ఈ ముక్క నాకు సెప్పలేకపోనావేటిరా?"

జీవరత్నం వేడినీళ్ళలో చాకలిసోడా కలిపి బ్యాటరీ పైభాగం కడిగి, పొడిగుడ్డతో తుడిచి, కొమ్ములకి గ్రీజు పూసి, పెట్టెకి డబ్బారేకు మూత బిగించాడు. తెల్లవారుజామున ఒక్క సెల్ఫుకే లారీ లేచింది. ఆ సంతా అందింది, ఆ పై సంతా అందింది. మధ్యలో ఎన్ని రోజులు నిలబడినా బ్యాటరీ చెక్కుచెదరలేదు. నరసింగరావు సరుకు ఇంకో లారీ ఎక్కలేదు.

అయితే భావనపాడు నుంచి ఇంకో కబురూ వచ్చింది. ఆ తెల్లవారుజామున బయల్దేరబోతుంటే జగ్గమ్మ జీవరత్నాన్ని కూడా నిలబెట్టి దిష్టి తీసిందట. ఆయన కళ్ళు మూసుకుని, లోలోపల ప్రార్థన చేసుకుంటూ కదలకుండా నిలబడ్డాడట. ఇది ఆయన నోటే వినాలి. ఎండ తగ్గగానే స్టేషన్ రోడ్డుకి వెళ్ళి ఆయన కొట్లో కూచోవాలి. టీ కూడా ఆయన చేతే తెప్పించాలి.