చారాణా బిళ్ళ, మోనో కార్ట్రిడ్జ్

2022. వరంగల్ చౌరస్తా దగ్గర సందులో నా రిపేరు దుకాణం. ఏడో తరగతిలో బడి నన్ను వదిలేసింది, రేడియోలు పట్టుకున్నాయి. తర్వాత రేడియోలూ వదిలేశాయి. పాత రికార్డుల మీద మళ్ళీ మోజు పడ్డ మనుషుల పుణ్యమా అని షట్టర్ లేస్తోంది.

ఒక మధ్యాహ్నం కాశిబుగ్గ నుంచి సాంబయ్య వచ్చాడు. నేతపని వాళ్ళిల్లు. చంకలో సెకండ్‌హ్యాండ్ స్టీరియో ప్లేయరు, చేతిలో తువ్వాలలో చుట్టిన చిన్న రికార్డు. బతుకమ్మ పాటలవి. వాళ్ళమ్మ కోరస్‌లో పాడింది. రెండో పాటలో ఒక్క చరణం మాత్రం ఆమె ఒక్కతే. ఆమె పోయి చాలా ఏళ్ళయింది, ఆ గొంతు ఇంకెక్కడా లేదు. సరిగ్గా ఆ చరణం దగ్గరే రికార్డు పేలాలు వేగినట్టు చిటపటలాడుతోంది. మోనో కార్ట్రిడ్జ్ వేస్తే పోతుందని ఎవరో చెప్పారట, తెప్పించమన్నాడు. ధర చెప్పాను. నెల రోజుల మగ్గం కష్టం పోయినా సరేనన్నాడు.

కార్ట్రిడ్జ్ అంటే సూదిని పట్టుకుని, దాని వణుకును కరెంటుగా మార్చే చిన్న ముక్క. రెండు స్పీకర్లలోనూ ఒకే చప్పుడు వచ్చే ఇలాంటి పాత మోనో రికార్డులో పాటంతా గాడి అటూ ఇటూ ఊగడంలోనే ఉంటుంది. పైకీ కిందికీ ఎగిరేదంతా దుమ్మూ దెబ్బలూ. స్టీరియో కార్ట్రిడ్జ్ మా సందులో వాళ్ళలాగా అన్నీ వింటుంది. మోనోది పాట వరకే వింటుంది.

భూతద్దం పెట్టి చూశాను. ఆ చరణం దగ్గర గాడి దున్నినట్టుంది. అక్కడే మళ్ళీ మళ్ళీ సూది పెట్టారు, అదీ బరువుతో. నాకు నవ్వొచ్చింది.

"సూది ఎగురకుండ మీద బిళ్ళ పెట్టినట్టున్నరు. ఏ తెలివిగల్లోడు చెప్పిండు తమ్మీ?"

సాంబయ్య తల గోక్కున్నాడు. "నువ్వేనట అన్నా. 'చారాణా బిళ్ళ పెట్టు కాకా, బర్రె లెక్క కూసుంటది' అన్నవట. మా నాయన ఎప్పుడూ చెప్పి నవ్వేటోడు."

బర్రె పోలిక ఇంకెవడు తెస్తాడు, నేనే. గుర్తొచ్చింది. దుకాణం కొత్త, మీసం కొత్త. వాళ్ళ నాయన జుట్టులో దూది నూగుతో వచ్చాడు. కొత్త సూది దొరకని రోజులు. నా గల్లాలోంచే పావలా బిళ్ళ తీసి, టేపుతో అతికించి పంపాను. మురిసిపోయి చాయ్ తాగించాడు.

సోల్డరింగ్ ఐరన్ వేడి చేశాను. ప్లేయర్ నుంచి వచ్చే కుడి వైరు, ఎడమ వైరు కలిపేశాను. పైకీ కిందికీ ఎగిరే గోల రెండు వైర్లలో ఎదురెదురుగా వస్తుంది, కలిపితే ఒకదాన్నొకటి కొట్టుకుని చస్తుంది. మోనో కార్ట్రిడ్జ్ చేసే పనిలో చాలా భాగం బెత్తెడు వైరు చేసేస్తుంది.

సూది పెట్టాను. చిటపట తగ్గింది, పూర్తిగా పోలేదు. లోపలి నుంచి సన్నటి గొంతు, కొంచెం ముక్కుతో. సాంబయ్య స్పీకర్ మీదికి వంగాడు.

"ఊపిరి తీసుకునుడు గూడ వినబడ్తాంది," అన్నాడు.

తప్పు నాది కాబట్టి కార్ట్రిడ్జ్ నేనే తెప్పిస్తానని, మిగిలిన చప్పుడూ తగ్గొచ్చని చెప్పాను.

"వద్దన్నా, ఉండనీయ్. అమ్మ పాట దినాం వినీ వినీ నాయనే అరగదీసిండు. గా సప్పుడు ఆయనది."

ఇంటి నిండా మోనో రికార్డులున్న వాళ్ళకు కార్ట్రిడ్జ్ కొనుక్కోమనే చెబుతాను. ఒకటో రెండో ఉన్నవాళ్ళకు ముందు వైర్లు కలిపి వినిపిస్తాను. ఎవరి మిషన్ విప్పినా నవ్వడం మాత్రం మానేశాను. ఇంతకు ముందు ఎవరు బాగుచేశారని మెల్లగా అడుగుతాను. నేనే అయ్యుండొచ్చు.