నల్లబోర్డు మీద మిగిలిన పేరు

1986 జూన్‌లో మా కంపెనీ నన్ను చిత్తూరు శాఖకు ప్రాజెక్ట్ లీడర్‌గా వేసింది. ప్రాజెక్ట్ లీడర్ అంటే ప్రోగ్రాములు రాయడం మానేసి, మిగతావాళ్లు ఎన్ని రాశారో రాసేవాడు. మా సరుకు బస్సు డిపోలకు డ్యూటీ చార్టు వేసే సాఫ్ట్‌వేర్. రేపు ఏ బస్సు ఎవరు నడపాలో కంప్యూటర్ తేల్చి కాగితం మీద అచ్చువేస్తుంది. మొదటి డిపో తిరుపతిలో. అక్కడ కుదిరితే మిగతా డిపోలకూ అమ్మాలని పై ఆఫీసు ఆశ.

పై ఆఫీసుకు వారం వారం నివేదిక పంపాలి. అందులో ఎంత శాతం పూర్తయిందని ఒక గడి. వరసగా ఐదు వారాలు తొంభై అని రాశాను. ఎవరూ ఏమీ అడగలేదు. తొంభై గౌరవమైన అంకె. ఆఖరికి ప్రోగ్రాములన్నీ అయి, డిపోలో చార్టు నడవడం మొదలైంది. ఇక మా విజయానికి కొలత ఒక్కటే: రోజూ ప్రింటు తీస్తున్నారా, లేదా. తీస్తున్నామని ఫోన్లో చెప్పేవారు. నేను చిత్తూరులో కూర్చుని టిక్కులు పెట్టేవాణ్ణి.

నెల నిండితే డిపో మేనేజర్ అంగీకార పత్రం మీద సంతకం పెడతారు. ఆ సంతకం మీద పద్మజ ఉద్యోగం ఆధారపడి ఉంది. డ్యూటీలు పంచే ప్రోగ్రాము రాసింది ఆ అమ్మాయే. ఇంకా ప్రొబేషన్‌లో ఉంది. నెలాఖరులోగా పత్రం రాకపోతే కంపెనీ ఆమెను ఇంటికి పంపవచ్చు.

సంతకం కోసం ఇద్దరం తిరుపతి వెళ్లాం. అప్పటి ఆచారం ప్రకారం చెప్పులు బయట విడిచి కంప్యూటర్ గదిలోకి వెళ్లి చూశాం. యంత్రం క్షేమం. వరండాలో మా కాగితం గోడకు నీటుగా అంటించి ఉంది. దాని ముందు ఒక్క డ్రైవరూ లేడు. అందరూ పక్కనున్న నల్లబోర్డు దగ్గర మూగి ఉన్నారు.

బోర్డు మీద సుద్దముక్కతో డ్యూటీలు రాస్తున్నది మునిరత్నం, ఇరవై ఏళ్లుగా ఆ పని చేస్తున్న గుమాస్తా. మా చార్టు చూస్తూ, కొన్ని పేర్లు మార్చి ఎక్కిస్తున్నాడు. రోజూ ఇంతేనా అని అడిగితే, రోజూ ఇంతేనన్నాడు. మేనేజర్ చెప్పారు గనక ప్రింటు తీస్తాడు; ఆ తర్వాత తన పని తాను చేసుకుంటాడు. ఎందుకు మారుస్తున్నావంటే, తిరుమల ఘాట్ రోడ్డు బస్సు అందరూ నడపకూడదట. దానికి వేరే శిక్షణ, వేరే అనుమతి. డిపోలో అందరికీ తెలిసిన సంగతి గనక మాకు ఎవరూ చెప్పలేదు. మేమూ అడగలేదు.

“కాగితాన్ని ఏమీ అనబాకండి సార్,” అన్నాడు మునిరత్నం. “పాపం, అదెప్పుడన్నా కొండెక్కి సూసిండాదా?”

వెనకనుంచి ఒక డ్రైవర్ అందుకున్నాడు. “నిన్న నన్ను ఎక్కించినాదప్పా. ఆ మలుపుల్లో నాకు ప్యాసింజరుగా పోతేనే కళ్లు తిరుగుతాయి.”

మేనేజర్ గదిలో పత్రం సిద్ధంగా ఉంది. ఆయన పెన్ను మూత కూడా తీశారు. నాకు ధైర్యం ఎక్కువని అంతవరకు ఎవరూ అనలేదు. ఆ రోజూ అనే అవకాశం ఇవ్వలేదు. మాట్లాడింది పద్మజ.

“సంతకం ఇప్పుడొద్దు సార్. మునిరత్నంగారు సెలవు పెట్టిన దినం, బస్సు ఈ కాగితం ప్రకారమే కొండెక్కుతాది.”

మేనేజర్ పెన్ను మూత పెట్టేశారు.

ఆ వారం శాతం గడిలో అరవై అని రాశాను. ముందుకు వెళ్లే ప్రాజెక్టులనూ, ఆగిపోయే ప్రాజెక్టులనూ పై ఆఫీసు చూసింది గానీ, వెనక్కి నడిచేదాన్ని చూడలేదు. అడగాల్సింది అడగని తప్పు నాదనీ, దాన్ని ఆపింది పద్మజ అనీ రాసి, గడువు పెంచమని కోరాను. ఆమెకు ఒక నెల ఇచ్చారు. నాకు ఒక మెమో ఇచ్చారు.

కొలత మార్చాం. మునిరత్నం చేత్తో ఎన్ని పేర్లు మార్చాడో రోజూ సాయంత్రం ఫోన్ చేసి అడిగేవాణ్ణి. మొదటి రోజు పదకొండు. పద్మజ ఘాట్ అనుమతి చేర్చాక నాలుగు. ఆయన తలలో ఉన్నదంతా ఒక్కొక్కటే బయటికి లాగితే, చివరికి ఒక్క డ్రైవర్ పేరు మిగిలింది. ఆ డ్రైవర్ పలమనేరు బస్సు వద్దంటాడు. అక్కడ అత్తగారు ఉన్నారు. ఆ వివరం ప్రోగ్రాములో పెట్టలేదు. మునిరత్నానికే వదిలేశాం.

నెలాఖరున వెళ్లేసరికి నల్లబోర్డు మీద ఆ ఒక్క పేరే ఉంది. దాని కింద మునిరత్నం చేతిరాత: “మిగిలినోళ్లు కాగితం సూసుకోండి.” మేనేజర్ సంతకం దాని తర్వాతే అయింది. పద్మజ పర్మనెంట్ అయింది.

ఆ తర్వాత నేను నడిపిన ఏ ప్రాజెక్టులోనూ మేం ఇచ్చింది వాడుతున్నారా అని అడగలేదు; దాన్ని చేత్తో ఎంత దిద్దుకుంటున్నారని అడిగాను. శాతం గడి మాత్రం రిటైరయ్యేదాకా నింపుతూనే వచ్చాను. పై ఆఫీసుకు అది అవసరం.