ఓల్గెర్ద్ వేషం వెయ్యని రోజు

ఓల్గెర్ద్ అనే పేరు మా సానోక్ ఊళ్లో గత వందేళ్లలో ఎవరూ పెట్టుకుని ఉండరు. గుర్రమెక్కి, గొడ్డలి పట్టుకుని పక్క రాజ్యం మీదికి పోయేవాళ్ల పేరది. ఆ పేరు పెట్టుకున్న మా క్లాసువాడు ఎక్కేది రోజుకి రెండుసార్లు చైను ఊడే సైకిలు. నిలబడితే నా చెవి దాకా వస్తాడు.

"ఇంతకంటే చిన్న పేరేదీ దొరకలేదట్రా?" అని ఒకసారి అడిగాను.

"పద్నాలుగేళ్లు ఒతీలియా అని పిలిపించుకున్నాన్రా సిరిల్. దానికి పరిహారంగా ఆ మాత్రం పేరుండాలి" అన్నాడు.

వాడు పుట్టినప్పుడు ఆడపిల్ల అని ఆస్పత్రివాళ్లు రాశారు. దాన్ని చూసి చర్చివాళ్లు రాశారు. చర్చివాళ్లని చూసి బడివాళ్లు రాశారు. ఒకళ్ల పేపర్లో చూసి ఒకళ్లు కాపీ కొడితే అందరికీ ఒకే తప్పు వస్తుందని వాడి వాదన. కాపీ విషయంలో మా క్లాసులో వాడికి మించిన అనుభవజ్ఞుడు లేడు కాబట్టి నేను ఎదురు చెప్పలేదు.

ఈ సంగతి వాడు ఇంట్లో చెప్పిన తీరు కూడా అలాంటిదే. మా ఊళ్లో వసంతం మొదలయ్యే రోజున నర్సరీ పిల్లలు గడ్డితో చలికాలమ్మ బొమ్మని కట్టి, గౌను తొడిగి, నిప్పంటించి, వంతెన మీంచి సాన్ నదిలోకి విసిరేస్తారు. ఆ ఏడాది టీచరమ్మ పాత గౌన్లు ఇవ్వమని ఇంటింటికీ తిరిగింది. వాడు తన బీరువాలో ఉన్నవన్నీ మూటగట్టి ఇచ్చేశాడు. అందులో చర్చిలో మొదటి ప్రసాదం తీసుకున్న రోజు వేసుకున్న తెల్ల గౌను కూడా ఉంది. వాళ్ల అమ్మమ్మ స్తెఫానియా రెండు నెలలు కూర్చుని దానికి లేసు అల్లింది. పిల్లల సంబరం చూద్దామని అమ్మమ్మ వంతెన మీదికి వచ్చింది. చలికాలమ్మ భగ్గున మండుతోంది.

"అదెవరి లేసు? నా లేసే!" అని ఆవిడ పెట్టిన కేకకి నదిలో బాతులు ఎగిరిపోయాయి.

"అమ్మమ్మా, అదింక నాకు పనికిరాదు. నేను అబ్బాయిని" అన్నాడు వీడు.

"అబ్బాయివైతే అయ్యావ్, లేసు విప్పి ఇవ్వచ్చుగా, వెధవా!"

ఆ విషయం మీద ఆ ఇంట్లో జరిగిన చర్చ మొత్తం అంతే. లేసు గురించి మాత్రం ఇప్పటికీ నడుస్తోంది.

గొంతు లావు కావాలని వాడు బస్టాండులో నిలబడి టైముల బోర్డుని బొంగురుగా చదువుతుండేవాడు. ఒకరోజు ఎవరో పెద్దావిడ అది బస్టాండు వాళ్ల ప్రకటనే అనుకుని, బుట్ట ఎత్తుకుని పరుగెత్తి క్రోస్నో బస్సు ఎక్కేసింది. ఆవిడ వెళ్లాల్సింది మా ఊళ్లోనే ఉన్న దంతాల డాక్టరు దగ్గరికి. వాడు నెలరోజులు గర్వంగా తిరిగాడు.

క్లాసులో మాకు వాడు ఓల్గెర్దే. టీచర్లలో కొందరు అలాగే పిలుస్తారు, కొందరు నోరు తిరగనట్టు దగ్గుతారు. రిజిస్టర్లో మాత్రం పద్దెనిమిది నిండి కోర్టుకెళ్లేదాకా ఒతీలియానే. లెక్కల కూలిగ్ మేడమ్‌తో ఈ గొడవే లేదు. ఆవిడకి మనుషుల పేర్లు అక్కర్లేదు, రిజిస్టర్లో నంబరు చాలు. "పదిహేడు, బోర్డు దగ్గరికి" అంటుంది. పదిహేడంటే మావాడు.

ఇక అసలు సంగతి. వసంతం మొదటి రోజున బడి ఎగ్గొట్టి నది ఒడ్డున సాసేజీలు కాల్చుకోవడం మా తాతల నాటి నుంచి ఉన్న అలవాటు. దాన్ని ఆపడానికి మా విద్యార్థి సంఘం 'తారుమారు రోజు' పెట్టింది. అబ్బాయిలు స్కర్టులు వేసుకోవాలి, అమ్మాయిలు టై కట్టుకుని మీసం దిద్దుకోవాలి. వేషంలో ఉన్నవాళ్లని ఆ రోజు ఏ టీచరూ బోర్డు దగ్గరికి పిలిచి ప్రశ్నలడగకూడదు. పూర్తి మాఫీ. క్రిస్మస్ తర్వాత పుస్తకం తెరవనివాళ్లు స్కర్టేమిటి, చేపతోక తగిలించుకు రమ్మన్నా వస్తారు.

ముందురోజు నేను, వాడు, ఈదా బడి వెనక మెట్ల మీద కూర్చున్నాం. ఈదా మాకంటే ఒక క్లాసు పైన. ఆమెది వాడికి తిరగేసిన కథ. అమ్మాయే, రిజిస్టర్లో మాత్రం అబ్బాయి. మామూలు రోజుల్లో స్కర్టు వేసుకొస్తే కౌన్సెలర్ గదికి పంపుతారు కదా అని, కిందటేడు తారుమారు రోజున ఎంతో ఆశగా నీలం స్కర్టు వేసుకుని వచ్చింది. 'అత్యంత నవ్వొచ్చే వేషం' అని మూడో బహుమతి ఇచ్చి చప్పట్లు కొట్టారు. చాక్లెట్ల డబ్బా. ఆమె ముట్టుకోలేదు. మేమిద్దరం తినేశాం. చాక్లెట్లు చేసిన తప్పేముంది.

"నాకు రేపు జ్వరం. నువ్వూ తెచ్చుకో" అంది ఈదా ఓల్గెర్ద్‌తో.

"నీకెందుకు జ్వరం? నువ్వు మామూలుగా వచ్చినా చాలు" అన్నాను వాడితో. "రిజిస్టర్లో అమ్మాయి, ఒంటి మీద ప్యాంటు. సంఘం లిస్టు రాసే మెలానియా వేషం కింద టిక్కు పెట్టేస్తుంది. ఊరికే మాఫీ!"

"తలకాయ్! అంటే ఏడాది పొడుగునా నేను వేసుకునేది వేషమని ఒప్పుకున్నట్టేగా?"

"అయితే మాలాగా స్కర్టు వేసుకో. అబ్బాయి వేసిన వేషం అవుతుంది."

"అప్పుడేమో, అమ్మాయి స్కర్టులో వస్తే అది వేషమెలా అవుతుందని పక్కన నిలబెడతారు."

ఎటు తిరిగినా గోడకి తలే తగులుతోంది.

"మరేం చేస్తావ్?"

"ఎప్పటిలా వస్తా. ఇది వేషం కాదు అని ఎవరో ఒకరి చేత అనిపించుకుంటా. అది చాలు నాకు."

"రేపు లెక్కలుంది. నీకు ఇప్పటికే ఒకసారి ఒకటి వచ్చింది. నిన్ను పిలిచి మూడు వారాలైంది."

మా దగ్గర ఒకటి అంటే తప్పినట్టు. వాడి మొహం కొంచెం పాలిపోయింది. కానీ లేచి సైకిలు చైను ఎక్కించుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున సంఘం ప్రెసిడెంటు మెలానియా గేటు దగ్గర చేతిలో లిస్టుతో, ముక్కు కింద కాటుక మీసంతో నిలబడింది. నేను మా అమ్మ స్కర్టులో ఉన్నాను. జిప్పు సగంలోనే ఆగిపోయింది. ఓల్గెర్ద్ ఎప్పటి బూడిదరంగు స్వెట్టర్లో, ఎప్పటి ప్యాంట్లో వచ్చాడు.

"టై లేకపోయినా నీకు టిక్కు పెట్టేశాను, పో! ఎవరికీ చెప్పకు" అని మెలానియా కన్ను కొట్టింది. పాపం, తను చేస్తున్నది సాయమే అనుకుంది.

"నేను వేషంలో లేను" అన్నాడు వీడు.

"అబ్బా, నాకు తెలీదా! వెనక జనం ఆగిపోయారు, నడు."

మూడో పీరియడ్ లెక్కలు. కూలిగ్ మేడమ్ తలుపు తీసి, ఇరవై ఎనిమిది మందిని చూసి, రెండు నిమిషాలు కళ్లు మూసుకుంది. మెలానియా ఇచ్చిన లిస్టు తెరిచింది. అందరికీ టిక్కులే. ఆవిడకి ఈ రోజంటే అసహ్యం, కానీ రూలంటే రూలే.

"సరే. ఎవర్నీ అడగను. కొత్త పాఠం."

క్లాసంతా హమ్మయ్య అనుకుంది. అప్పుడు మావాడు చెయ్యెత్తాడు.

"మేడమ్, పదిహేడో నంబరు వేషంలో లేడు."

"టిక్కుంది."

"అది తప్పు టిక్కు మేడమ్."

నేను వాడి స్వెట్టరు పట్టుకుని కిందికి లాగాను. "కూర్చోరా, చస్తావ్!"

"వాడికి జ్వరం మేడమ్! ఏదేదో మాట్లాడుతున్నాడు!" అని వెనక బెంచీ నుంచి బ్వాజెయ్ అరిచాడు. వాడి తల మీద వాళ్ల అత్తగారి విగ్గు. అంటే మేనత్తది, వాడికింకా పెళ్లి కాలేదు.

మేడమ్ కళ్లజోడు సర్దుకుని మా బెంచీ దగ్గరికి వచ్చింది. కాలరు చూసింది, మోచేతి దగ్గర అతుకు చూసింది, బూట్లు చూసింది.

"నిన్న ఏం వేసుకున్నావ్?"

"ఇవే."

"మొన్న?"

"ఇవే మేడమ్."

"ఉతకడు కూడా మేడమ్, మేమే సాక్ష్యం!" అన్నాడు బ్వాజెయ్. క్లాసు గొల్లుమంది. మేడమ్ నవ్వలేదు.

"రేపు?"

"రేపు కూడా ఇవే. ఇవి నా బట్టలు."

ఆవిడ వాడి మొహంలోకి చూసింది. తర్వాత టేబుల్ దగ్గరికెళ్లి, ఎర్ర పెన్ను తీసి, లిస్టులో ఆ టిక్కుని అడ్డంగా కొట్టేసింది.

"అయితే నీకు మాఫీ లేదు. పదిహేడు, బోర్డు దగ్గరికి."

బోర్డు దగ్గరికి నవ్వుకుంటూ వెళ్లినవాణ్ణి ఆ క్లాసులో మొదటిసారి చూశాను. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. సైన్ ముప్ఫై చెప్పాడు. కోసైన్ నూట ఇరవై అడిగితే మైనస్ మర్చిపోయాడు. త్రికోణం గియ్యమంటే గాలికి కూలిన టెంటు గీశాడు. పది నిమిషాలు ఆవిడ అడిగింది, వాడు చెమటలు కక్కాడు. మీసాలవాళ్లూ స్కర్టులవాళ్లూ ఊపిరి బిగబట్టి చూశాం.

"ఏడాదికి ఒక్క రోజు నోరు మూసుకుని కూర్చుంటే సరిపోయేది. అది కూడా చేతకాలేదా నీకు?"

"కాలేదు మేడమ్."

ఆవిడ కంప్యూటర్ ముందు కూర్చుంది. టైప్ చేసేదాన్ని పైకి చదవడం ఆవిడ అలవాటు. "మార్చి ఇరవై ఒకటి. నంబరు పదిహేడు. వేషంలో లేనందువల్ల ప్రశ్నించడమైనది. మార్కు, ఒకటి."

"మేడమ్, మధ్యలో ముక్క ఇంకోసారి చదవరా?" అన్నాడు వీడు.

మేడమ్ కళ్లజోడు మీదుగా వాడి వైపు చూసింది. ముక్కుపుటాలు అదిరాయి. మేమంతా తిట్లకి సిద్ధపడ్డాం.

"వేషంలో లేనందువల్ల," అని చదివింది, ఈసారి కొంచెం నిదానంగా. "బుధవారం మళ్లీ పిలుస్తాను, ఓల్గెర్ద్. చదువుకుని రా. పో, కూర్చో."

ఆవిడ నోట్లోంచి పేరు రావడం మా బ్యాచి మొత్తంలో అదే మొదలు. వాడు వచ్చి నా పక్కన కూలబడ్డాడు. చెవులు ఎర్రగా ఉన్నాయి.

"ఒరేయ్," అన్నాడు గుసగుసగా, "కోసైన్ నూట ఇరవైకి మైనస్ ఎందుకొస్తుందిరా?"

"నన్నడుగుతావేంట్రా?" అన్నాను స్కర్టు సర్దుకుంటూ. "నేను మాఫీలో ఉన్నా."