కొండమీద చన్నీళ్ళ దీక్ష

ఆ కొండమీది మొదటి మార్గశిరంలో కొబ్బరినూనె సీసాను చంకలో పెట్టుకొని పడుకోవడం నేర్చుకొన్నాను. అలా చేయకపోతే తెల్లవారేసరికి అది మైనపుముద్దగా బిగుసుకొనిపోయేది. రాస్ అల్ ఖైమాకు ఎగువన, ఎమిరేట్ల దేశానికి ఉత్తరపు కొసన, పర్యాటకుల కోసం విడిదిగృహాలు కడుతున్న చోటు అది. కరోనా తగ్గుముఖం పట్టిన తరువాతి చలికాలం. అజ్మాన్‌లో కంపెనీ గోదాముకు స్టోర్‌కీపరుగా ఉన్న నన్ను అక్కడి సామానుగది చూసుకోవడానికి పంపారు. నాకప్పుడు అరవైకి రెండేళ్ళు తక్కువ. ప్రాచ్యకళాశాలలో ఐదేళ్ళు వ్యాకరణాలంకారాలు చదివి, జీతం సరిగా ఇవ్వని పాఠశాలలో మరికొన్నేళ్ళు తెలుగు చెప్పి, చివరకు మేకులపెట్టెలకు కాపలాదారునైనవాణ్ణి. శిబిరంలోని మనవాళ్ళందరూ నన్ను పంతులుసారనేవారు. ఆ పిలుపు నాకు ఇష్టంగానే ఉండేది.

చలిని అంతకుముందు నేను కావ్యాలలోనే చూశాను. హేమంతవర్ణనలలో మంచుబిందువులు ముత్యాలవుతాయి. కొండమీద అవి నీళ్ళగొట్టం లోపల పొరకట్టేవి, వేకువను తిప్పితే పంపు కాసేపు గురకపెట్టి ఊరుకొనేది. మా రేకుగదులకు గోడకొక ఏసీ ఉండేది. చల్లబరచడం తప్ప దానికి మరొక విద్య తెలియదు. ఉతికిన బట్టలు ఆరేవి కావు. తీగమీది పాంట్లు అట్టలవలె బిగుసుకొని, తీసి మడవబోతే ఎదురుతిరిగేవి. పెరుగు తోడుకొనేది కాదు. మా వంటమనిషి కడపవైపు నుంచి వచ్చిన ముస్లిము. పాలగిన్నెకు తన స్వెట్టరు తొడిగి పక్కలో పెట్టుకొని పడుకొనేవాడు. గ్యాసుబండ చలికి ముడుచుకొని మంట ఇవ్వకపోతే దానిమీద వేడినీళ్ళు కుమ్మరించి, "ముందు దీనికి తానం సామీ, ఆపైన మనుషులకు" అనేవాడు.

కంపెనీ మాకు మెరుపుపట్టీల అంగీలు ఇచ్చింది గాని ఉన్నిబట్టలు ఇవ్వలేదు. ఇంటినుంచి తెచ్చుకొన్నవారూ లేరు. దుబాయికి పోయేవాడికి స్వెట్టరు కొనిపెట్టాలని ఏ ఇల్లాలికి తోస్తుంది? లుంగీమీద లుంగీ చుట్టుకొని, చెవులకు తువ్వాలు బిగించి, అట్టపెట్టెలు విప్పి నేలమీద పరచుకొని, వాటిపైన పరుపులు వేసుకొనేవారు. ఎండ శిఖరం దాటి వచ్చేదాకా కాంక్రీటు పోయరాదని మేస్త్రీలు ఆపేవారు. ఆ గంటసేపూ అందరికీ దిక్కు వంటగది పొయ్యి. ఎవరు ముందు నిలబడ్డారు, ఎవరు వెనుక ఉన్నారు అని రోజూ తగాదా.

ఆ పొయ్యి దగ్గర తగాదా పడకుండా అంచున నిలుచునేవాడు ఒకడుండేవాడు. నిర్మల్ ప్రాంతపువాడు, ఇనుపకమ్మీలు కట్టే పని, ముప్పై దాటిన వయస్సు. అతని మూడేళ్ళ కూతురికి గుండెలో రంధ్రం ఉన్నదని, పుష్యమాసం చివర హైదరాబాదులో శస్త్రచికిత్సకు తేదీ ఇచ్చారని అందరికీ తెలుసు. సెలవు అడగడానికి సైటు అధికారి అయిన ముదీరు దగ్గరికి వెళ్ళాడు. "పహలే కామ్ ఖలాస్, ఫిర్ ఛుట్టీ" అన్నాడట ఆయన, ముందు పని ముగియాలని. బిడ్డ దగ్గర ఉండలేని తండ్రికి మొక్కు ఒక్కటే మిగిలింది. నలభైయొక్క రోజుల అయ్యప్పదీక్ష పట్టి, మకరసంక్రమణానికి ముగించి, ఇరుముడిని శబరికొండకు పోయే తోటివారి చేత పంపాలని సంకల్పించాడు.

మాల వేయవలసినవాడు గురుస్వామి. అంటే పలుమార్లు శబరికొండ ఎక్కి వచ్చినవాడు. అతడు లేకపోతే కన్నతల్లి వేయాలి. గురుస్వాములు షార్జాలో, రోలా ఫ్లాట్లలో ఉన్నారు. అక్కడికి పోవాలంటే పదిహేను రోజులకొకసారి కిందికి దిగే కంపెనీ బండి కోసం ఆగాలి. ఆగితే సంక్రమణంలోగా మండలం పూర్తి కాదు. తులసిమాల మాత్రం ఇంటినుంచి తెచ్చుకొన్నది అతని పెట్టెలో ఉంది.

"మీరే ఎయ్యుండ్రి సారూ. మంత్రాలన్నీ మీకెరుకే గద," అన్నాడు నా గదికి వచ్చి.

"నేను ఆ కొండ ఎన్నడూ ఎక్కలేదు నాయనా."

"ఎక్కకుంటే ఏంది, సదివిండ్రు గద. ఎక్కినోళ్ళకు సదువు రాదాయె."

అంత తియ్యని మాట నేను చాలా ఏళ్ళుగా విని ఉండలేదు. మరునాటి ఉదయం తూర్పు ముఖంగా నిలబెట్టి, మంత్రం చెప్పించి, మాల వేశాను. ఆ క్షణంనుంచి అతడు అందరికీ స్వామి. వయస్సులో పెద్దవాణ్ణయినా నేనూ అతణ్ణి స్వామీ అనే పిలవాలి. అతడు నన్ను గురుస్వామి అన్నాడు. వంటమనిషి తనంతట తానే కొత్తగిన్నె తెప్పించి, మాంసం తగలని పొయ్యిమీద అతనికి విడిగా వండేవాడు. "మా వావరు మీ సామికి దోస్తు గదా, నేను వండితే తప్పేముండాది" అని నవ్వేవాడు.

దీక్ష మూడవనాటి ఉదయం, పొయ్యిచుట్టూ పదిమంది ఉండగా, అతడు వణుకుతూ వచ్చాడు. నల్లలుంగీ, వట్టికాళ్ళు. పనివేళ బూట్లు తప్పవు గాని తక్కిన వేళల నియమం నియమమే.

"గురుస్వామి, నీళ్ళు మరీ గడ్డలెక్కున్నయి. జర వేన్నీళ్ళు కలుపుకుంటె పాపమా?"

"పాపమేంది సామీ, నేను కాంచిస్తాలే," అన్నాడు వంటమనిషి.

అందరూ నావైపు చూశారు. రోగికీ, వృద్ధునికీ, దేశకాలాలు అనుకూలించనివానికీ వేన్నీళ్ళు దోషం కాదని, తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకొన్నా స్నానంగానే చెల్లుతుందని పెద్దలు చెప్పగా నేను విన్నాను. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. కాని అది వంటమనిషి అప్పటికే చెప్పేసిన మాట. అదే నేనూ చెబితే ఇక పండితుడెందుకు? గొంతు సవరించుకొని ఒక శ్లోకపాదం చదివాను. అది స్నానవిధి కానే కాదు, ఒక నదీవర్ణనలోనిది. నీళ్ళ చల్లదనాన్ని చెప్పే మాట ఒకటి అందులో ఉంది, అంతమాత్రమే. చదివి, "శీతలోదకమే విధి స్వామీ. కష్టం లేని దీక్ష ఫలిస్తుందా?" అన్నాను.

ఆ చివరి మాట అతని ముఖంమీద ఏమి చేసిందో చూశాను. ఒక్కసారిగా ఆ వణుకు ఆగింది. "సరే గురుస్వామి," అన్నాడు.

వంటమనిషి గరిటెను గిన్నె అంచుకు గట్టిగా కొట్టి, "సదివినోళ్ళతో మనకేంది" అని లోపలికి పోయాడు.

నా సామానుగదిలో ఒక కెటిలు ఉండేది. రెండు కెటిళ్ళ మరిగిననీళ్ళు బకెట్టులో కలుపుకొని, గడియ బిగించుకొని నేను స్నానం చేసేవాణ్ణి. పెద్దవాణ్ణి, పైగా దీక్షలో లేనివాణ్ణి అని సమాధానం చెప్పుకొన్నాను, అడిగినవారు లేకపోయినా. గోడ అవతలినుంచి ప్రతి వేకువా మగ్గు చప్పుడు, దానివెంట స్వామియే శరణమయ్యప్పా అన్న కేక వినబడేవి. మొదటివారం ఆ కేక పాటలాగా సాగేది. తరువాత మగ్గుకూ మగ్గుకూ నడుమ ఎడం పెరిగింది. మూడవవారం దాటాక కేక సగంలో దగ్గు వచ్చేది. నేను కెటిలు మీట నొక్కి, అది మరిగే చప్పుడులో ఆ దగ్గు వినబడనట్లు కూర్చునేవాణ్ణి.

ఇరవైయెనిమిదవనాడు వంటమనిషి నా గది తలుపు తోసుకొని వచ్చాడు. "నువ్వు చెప్పిందాన్ని నువ్వే తీసెయ్ పంతులూ. నా మాట ఇనడు ఆ సామి. రొమ్ము పిల్లిమాదిరి గురగురమంటాంది."

వెళ్ళాను. నియమం ప్రకారం చాపమీద, గోడవైపు తిరిగి పడుకొని ఉన్నాడు. నుదుటిమీద చేయి వేస్తే కాలింది.

"స్వామీ, రేపటినుంచి వేన్నీళ్ళు పోసుకోండి. దోషం లేదు."

"నాకు జరమొచ్చిందని మారుస్తున్నరు గురుస్వామి. ఇంక పదమూడు దినాలే గద."

"మార్చడం కాదు. ఆనాడు నేను చదివిన శ్లోకం విధి కాదు. ఒక నదిని వర్ణించిన పద్యం. పదిమందిలో గొప్పకు చదివాను."

అతడు లేచి కూర్చొని నన్ను పరిశీలనగా చూశాడు. "సంస్కృతంల అబద్ధం గూడ ఉంటదా?"

"ఉంటుంది."

నమ్మలేదు. అప్పుడు మిగిలినది కూడా చెప్పాను. నేను రోజూ వేన్నీళ్ళే పోసుకొంటున్నానని. చెప్పడానికి పట్టిన సిగ్గు వృథా అయింది. "మీరు మాలల లేరు గద, మీదేంది," అన్నాడు తేలికగా. తరువాత చాలాసేపు దగ్గి, "ఇప్పుడు నేను వేన్నీళ్ళు పోసుకుంట. ఆడ పిల్లకేమన్నయితది. అప్పుడు నాకేం జెప్తరు?" అన్నాడు.

కష్టం లేనిది ఫలించదని చెప్పినవాణ్ణి నేనే. ఆ కష్టాన్ని అతడు కూతురి గుండెకు ముడివేసుకొన్నాడు. మరో ఆరురోజులు చన్నీళ్ళే పోసుకొన్నాడు. వంటమనిషి రహస్యంగా డ్రమ్ములో వేడినీళ్ళు కలిపితే, చేయిపెట్టి చూసి, పారబోసి, మళ్ళీ పట్టుకొన్నాడు.

ముప్పైనాలుగవ ఉదయం మగ్గు చప్పుడు రెండుసార్లు వినబడి ఆగిపోయింది. నేను వెళ్ళేసరికి గచ్చుమీద తడిబట్టలతో పడి ఉన్నాడు. వంటమనిషీ నేనూ మోసుకువచ్చాము. ముదీరు అతని పెదవుల రంగు చూసి బెదిరి, "యల్లా, జల్దీ లే జావ్" అంటూ తన పికప్పు తాళాలే ఇచ్చాడు. డ్రైవరు పక్కన అతణ్ణి కూర్చోబెట్టి, నా రెండు దుప్పట్లూ కప్పి, నేను వెనుక ఎక్కాను. మలుపు తరువాత మలుపు దిగుతూంటే గాలి మెత్తబడింది. కొండ అడుగున చాయ్ దుకాణం ముందు జనం పొట్టిచేతుల చొక్కాలతో నిలబడి కబుర్లు చెప్పుకొంటున్నారు. ఇంత దగ్గరలో వెచ్చదనం ఉండగా నేను అతణ్ణి ఎక్కడ ఉంచానా అనిపించింది.

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీయాలన్నారు. నర్సు మలయాళీ అమ్మాయి. అతని ఎదమీది మాల చూడగానే చేయి వెనక్కు తీసుకొంది. "ఏ నికాల్నా పడేగా. మై నహీ ఛూఊంగీ. ఆప్ నికాలో," అన్నది నాతో. దీక్షలోని మాలను తాను ముట్టదట, నేనే తీయాలట.

అతడు రెండుచేతులా మాలను పట్టుకొన్నాడు. "తియ్యకుండ్రి గురుస్వామి. ఏడు దినాలే. నీ కాల్మొక్కుత."

నేను అతని వేళ్ళు ఒక్కొక్కటే విప్పాను. బలం లేని వేళ్ళు, సులభంగానే విడిపోయాయి. మాల విసర్జించేటప్పుడు చెప్పవలసిన మంత్రం నాకు వచ్చు. చదవలేదు. ఆ గదిలో సంస్కృతం పలకడానికి నాకు నోరు రాలేదు. తలమీదుగా మాల తీస్తూంటే అతని కంటినీరు చెవులలోకి జారింది. నిమోనియా అన్నారు. రెండువైపులా పట్టింది.

మాట్లాడితే దగ్గు తెరలు వస్తున్నందున, ఇంటికి నన్నే ఫోన్ చేయమని సైగ చేశాడు. అతని భార్య ఎత్తింది. సంగతి చెప్పాను.

"మాల తీసిండ్రా? ఎవరు తీసిండ్రు?"

"నేనేనమ్మా."

"ఏసింది గూడ మీరేనంట గద."

"అవును."

"గంత చలిల చన్నీళ్ళు పోసుకొమ్మన్నది?"

"అదీ నేనే."

అవతల టీవీలో ఏదో బొమ్మలపాట, దానికి చప్పట్లు కొడుతున్న పసిచేతుల చప్పుడు. ఆమె తిడుతుందని కాచుకొని ఉన్నాను. తిట్టి ఉంటే బాగుండేది. "పిల్ల ఆపరేషన్ అయ్యేదాక మాల తీసిన ముచ్చట మా అత్తకు జెప్పకుండ్రి సారూ. ఆమె తట్టుకోలేదు," అని మాత్రం అన్నది. నేను సరేనన్నాను. ఆమె ఫోన్ పెట్టేసింది.

పదిరోజుల తరువాత అతణ్ణి ఆసుపత్రినుంచి నేరుగా అజ్మాన్ శిబిరానికి, తేలికపనికి పంపారు. పుష్యం చివర ఆపరేషన్ జరిగింది. ఆ రోజంతా నేను సామానుగదిలో ఏ పెట్టె తెరిచానో, ఏది మూశానో తెలియదు. బిడ్డ కళ్ళు తెరిచిందన్న కబురు సాయంకాలం వంటమనిషికి వచ్చింది, నాకు రాలేదు. అతడు వంటగది గుమ్మంలోనుంచే, "పాప బాగుండాది పంతులూ," అని కేకవేసి చెప్పాడు. కొండమీద చలి ఇంకా నెలరోజులు సాగింది. ఎవరో ఒకరు పొయ్యి దగ్గర నన్నేదో ధర్మసందేహం అడగబోయేవారు. నాకు తెలియదని చెప్పడం అలవాటు చేసుకొన్నాను. అది సులభంగా అలవడలేదు.

మరుసటి మార్గశిరంలో పనిమీద షార్జా వెళ్ళి, రోలా బస్సుల దగ్గర అతణ్ణి చూశాను. నల్లబట్టలు, నుదుట గంధం, మెడలో మాల. కొంచెం ఒళ్ళు చేశాడు. నన్ను చూసి తానే ఎదురువచ్చాడు.

"బాగున్నరా సారూ?"

"బాగున్నాను. పాప?"

"ఉరుకుతున్నది సారూ. పట్టుకుంటె దొరుకుతలేదు."

"మాల ఎవరు వేశారు?"

"మా అజ్మాన్ క్యాంపులనే ఒక గురుస్వామి ఉన్నడు, మలయాళి. ఆయనకు తెలుగు రాదు. హిందీ గూడ అంతంతే."

"మరి నియమాలవీ ఎలా చెబుతాడు?"

"చెప్పుడేం లేదు సారూ. పొద్దుగాల మా బకెట్లల్ల చెయ్యి పెట్టి చూస్తడు. మరీ చల్లగుంటె గిన్ని వేడివి పోస్తడు."

ఈ పట్టణపు డిసెంబరుకూ ఆ కొండమీది డిసెంబరుకూ పోలికెక్కడిది, ఇక్కడ వేన్నీళ్ళు పోసుకొనేంత చలి ఏముంది అన్న వాదం నా నోటిదాకా వచ్చింది. మింగివేశాను. అతడు స్వామి శరణం అని చెప్పి, వట్టికాళ్ళతో అజ్మాన్ బస్సు ఎక్కాడు.