లచ్చయ్య ఎటు పరుగెత్తాడో తేల్చిన సుగుణ టీచర్

మంగళవారం ఉదయం కరీంనగర్‌లో ఒక పెళ్లి చిత్రీకరణకు కెమెరా సిద్ధం చేసుకుంటుండగా సుగుణ టీచర్ తమ్ముడు ఫోన్ చేశాడు. "శంకర్, అక్క పోయింది. ఛాయ్ తాగుకుంట కూసున్నది కూసున్నట్టే..." ఆ మాట చెవికి చేరింది గానీ మనసుకు చేరలేదు. ముందురోజు సాయంత్రమే ఆమె నాతో గంటసేపు మాట్లాడారు. కొత్త చిత్రం తలపెట్టినప్పుడల్లా ఆ గొంతులో పలికే తొందర, ఒక మాట పూర్తికాకముందే మరో మాట అందుకునే సంబరం ఇంకా నన్ను వదలలేదు. ఆమెను తలచుకుంటే నాకు దుఃఖం కంటే ముందు ఒళ్లు పులకరిస్తుంది. ఈ నివాళిని అలాగే రాయనివ్వండి.

హుజూరాబాద్‌లో మరమగ్గాల మీద బతికిన నేత కుటుంబం ఆమెది. ప్రభుత్వ పాఠశాలలో చరిత్ర బోధించారు. నేను ఆమె శిష్యుణ్ణి. పదవీ విరమణ చేసిన వారానికే నా స్టూడియోకి వచ్చి, "పెండ్లిళ్లు ఎంతకాలం తీస్తవురా? నాతోని రా, మనుషుల బతుకులు తీద్దాం" అన్నారు. అలా మొదలైంది మా డాక్యుమెంటరీల ప్రస్థానం. పాఠ్యపుస్తకాల్లో చోటు దొరకని మహనీయులే ఆమె చిత్రాలకు కథానాయకులు.

ఒకసారి ఒక వృద్ధ ఒగ్గుకథకుడు తన గురువు గురించి చెబుతూ చెబుతూ మౌనంగా ఉండిపోయాడు. నేను కెమెరా ఆపేశాను. టీచర్ కళ్లెర్రజేశారు. "ఆయన మాట్లాడుడు ఆపిండు గని, యాది చేసుకునుడు ఆపలే. నువ్వెందుకు ఆపినవ్?" నా వృత్తిలో నేను నేర్చిన ప్రథమ పాఠం అది.

అన్నింటిలోకీ నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వనిది మందమర్రి చిత్రం. చాలా ఏళ్ల క్రితం ఆ ఊరి దగ్గర్లోని ఒక బొగ్గుగనిలోకి అకస్మాత్తుగా నీరు ఉప్పొంగి కొందరు కార్మికులు మరణించారు. పంపు నడిపే లచ్చయ్య వారిలో ఒకడు. అతని దేహం పంపు దగ్గర కాక ఎక్కడో దూరాన దొరికింది. పంపు వదిలేసి పారిపోతూ దారి తప్పాడన్న నింద పడింది. భార్య మల్లవ్వ ఆ నింద మోస్తూనే ముసలిదైంది.

మేము వెళ్లిన రోజు ఆమె మమ్మల్ని గడప దాటనివ్వలేదు. "సచ్చినోన్ని మల్లెందుకు సంపుతరు? పోండ్రి" అంది. టీచర్ నన్ను కెమెరాతో సహా వెనక్కి పంపి, తానొక్కరే వెళ్లి బీడీలు చుట్టుకుని బతికే ఆమె పక్కన కూర్చుని తానూ బీడీలు చుట్టారు. వారం రోజుల పాటు లచ్చయ్య ఊసే ఎత్తలేదు. చివరికి మల్లవ్వే నోరు విప్పింది. "ఆ పొద్దు ఆయినెతోని కొత్తగ చేరినోడొకడు దిగిండు. విఠల్ అని, ఆదిలాబాద్ దిక్కోడు. బతికి బయటవడ్డడన్నరు. మల్ల గీడ ఎవ్వలకూ అగుపడలే."

టీచర్ వెంటనే నాకు ఫోన్ చేశారు. "శంకర్, బయలెల్లు! ఆదిలాబాద్ పోవాలె!"

పత్తి సీజను. పత్తి గింజ తీసే జిన్నింగు మిల్లుల ముందు బండ్లు బారులు తీరి ఉన్నాయి. అక్కడివాళ్లకు ఎక్కువగా పని దొరికేది వాటిలోనే కాబట్టి ఒక్కొక్క మిల్లులో తెలుగులో అడిగి, వచ్చీరాని మరాఠీలో అడిగి తిరిగాం. ఆరో రోజు ఒక మిల్లు గేటు దగ్గర, తలంతా పత్తి నూగు పట్టిన వృద్ధుడు లేచి నిలబడి, "విఠల్ నేనే. ఏం కావాలె తాయీ?" అన్నాడు. అక్కా అని మరాఠీలో పిలిచాడు. టీచర్ నా భుజం ఎంత గట్టిగా పట్టుకున్నారో!

"లచ్చయ్య పారిపోయిండంటరు. నిజమేనా?" అని అడిగారు.

విఠల్ నివ్వెరపోయాడు. "ఎవలన్నరు? నీళ్లు రాంగనే నన్ను బయటి దారికి నూకిండు. లోపట ఇంకా మనుషులున్నరు, చెప్పొస్త అన్నడు. ఆయన ఉరికింది బయటికి కాదు తాయీ, లోపటికి!"

"మరి ఇన్నేండ్లు ఎందుకు చెప్పలే?"

"తెల్లారే మా బాపు నన్ను ఇంటికి తోల్కొచ్చిండు. మల్ల అటు పోలే. గంత మంచోని మీద గిట్ల మాట వడ్డదని నాకేం తెల్సు? నన్నెవలూ అడగలే."

నాకు తెలియకుండానే ఒక అడుగు ముందుకేశాను, కెమెరా కదిలింది. ఎడిటింగులో ఆ కుదుపు తీసేద్దామంటే టీచర్ ఒప్పుకోలేదు. అయితే ఒక్కరి సాక్ష్యంతో ఆమె తృప్తిపడలేదు. లచ్చయ్య దేహాన్ని మోసుకొచ్చిన కొమురయ్యను వెతికి, అది ఎటువైపు దొరికిందని అడిగారు. "లోపటి దిక్కే" అన్నాడాయన. అని, తన మాటకు తానే ఉలిక్కిపడ్డాడు. "పారిపోయెటోడు గటెందుకు పోతడు? నేనెన్నడూ ఆలోచించలే గదా టీచరమ్మా!"

ఒక ఆదివారం ఉదయం కార్మికుల కాలనీ హాలులోనే చిత్రం ప్రదర్శించాం. విఠల్ మాట తెరమీద వినిపించగానే మల్లవ్వ లేచింది. "జర ఆపుండ్రి. గా మాట మల్లొక్కపారి ఎయ్యుండ్రి." వేశాం. మళ్లీ అడిగింది. మళ్లీ వేశాం. మూడోసారికి హాలు హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. కొమురయ్య ఆమె ముందుకొచ్చి చేతులు జోడించాడు. "తప్పయింది వదినా. నేను గూడ ఆయిన్ని అన్న."

మల్లవ్వ అతని చేతులు పట్టుకుంది. "నువ్వొక్కనివేనా కొమురయ్యా? నేను గూడ నమ్మిన."

ఆ తర్వాత ఎవరు ఏడుస్తున్నారో, ఎవరు నవ్వుతున్నారో తెలియలేదు. టీచర్ మాత్రం చిన్నపిల్లలా నా చేయి పట్టి ఊపేశారు. "చూసినవా శంకర్! ఆయన పేరు ఆయనకు ముట్టింది!" ఆ ముఖంలోని వెలుగును నేను చిత్రీకరించలేదు. జీవితాంతం నన్ను వేధించే లోపం అది.

పోయే ముందురోజు టీచర్ నాతో గంటసేపు మాట్లాడింది ఒక మరమగ్గం కార్మికురాలి గురించి. వృద్ధురాలు, ఒకప్పుడు కూలి పెంచమని తోటి ఆడవాళ్లందరినీ కూడగట్టి నడిపిన మనిషి. టీచర్ అప్పటికే ఒకటి రెండుసార్లు ఆమె దగ్గర కూర్చుని విని వచ్చారు. దశదినకర్మ ముగిశాక నేనే ఆమెకు ఫోన్ చేసి కబురు చెప్పాను. టీచర్ ఎలా పోయారో అడిగి తెలుసుకుంది. తర్వాత, "అయితే నువ్వే రా బిడ్డా. గని ఆ టీచరమ్మ లెక్క సప్పుడు జెయ్యక ఇనుడు నీకొస్తదా?" అంది.

"రాదవ్వా" అన్నాను. అది నిజం. టీచర్ వినే తీరు టీచర్‌తోనే పోయింది. అయినా సోమవారం కెమెరా తీసుకుని వెళ్తున్నాను. నా గురువుకు నేను చేయగలిగిన నమస్కారం ఇదొక్కటే.