విరగని అతుకు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. డిప్లొమా చేతికొచ్చిన మొదటి ఏడాది ఎవరికైనా అంతేననుకుంటాను. తాండూరులో ఒక వెల్డింగ్ షెడ్డులో సూపర్‌వైజర్‌గా చేరాను. అక్కడ ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్న పెద్ద వెల్డర్‌ను అందరూ ఉస్తాద్ అనేవారు. తెల్లగడ్డం, నిప్పురవ్వలకు చిల్లులు పడ్డ చొక్కా, తక్కువ మాట. ఆయన నన్ను ‘ఇంజినీరమ్మ’ అనేవాడు. అది గౌరవమేనని చాలాకాలం నమ్మాను (ఇప్పటికీ సగం నమ్ముతున్నాను).

ఒక పొద్దున యాలాల్ వైపు నుంచి గొర్రెలు కాసే ఒక పెద్దాయన తన ట్రాక్టర్ ట్రాలీ తెచ్చాడు. ట్రాక్టర్‌కు తగిలించే హుక్కు దగ్గర మందపాటి ఇనుప పట్టీ సగం దాకా విరిగింది. “గొర్లను గీ ట్రాలీలనే ఏసుకపోత. మా ఇంటోళ్లంత గిండ్లనే కూసుంటరు. అనంతగిరి ఘాట్ల ఊడొచ్చిందంటే ఎవ్వరం మిగలం. జర మంచిగ అతుకుండ్రి” అని చెప్పి, చాయ్ తాగడానికి వెళ్లాడు. ట్రాలీ షెడ్డులో పట్టలేదు. బయటేమో ఈదురుగాలి. గ్యాస్ పెట్టి అతికితే ఆ గ్యాస్ గాలికి కొట్టుకుపోతుంది కాబట్టి, తన లోపలి మందుతోనే అతుకును కాపాడుకునే ఫ్లక్స్ కోర్ తీగ కావాలి. బీరువాలో అలాంటివి రెండు రకాలున్నాయి. ఎంచే పని ఉస్తాద్ నాకే వదిలాడు. డబ్బాల మీద రెండింటి బలమూ ఒకటే. అందులో ఒకటి ఇట్టే వెలుగుతుంది, అతుకు నున్నగా వస్తుంది. అదే తీసి, “దీంతో మూడు పొరలు వేద్దాం, ఏనుగు లాగినా ఊడదు” అని ప్రకటించాను. డబ్బా వెనక చిన్న అక్షరాలు చదవలేదు (డిప్లొమా ఉన్నవాళ్లకు చిన్న అక్షరాలతో పనేమిటి!).

ఉస్తాద్ కాదనలేదు. “ముందుగాల తుక్కు ముక్కల మీద ఏద్దం బిడ్డా” అన్నాడు. అది ఆయన రివాజు. మనుషుల ప్రాణాలు ఆధారపడే అతుకైతే, అదే తీగతో అన్నే పొరలు వేసి, చల్లారాక వైస్‌లో బిగించి సుత్తితో వంచి చూడాల్సిందే. నా అతుకు మెరిసిపోతుంటే ఫోన్‌లో ఫొటో కూడా తీసుకున్నాను. రెండో దెబ్బకే అది అప్పడంలా పటుక్కుమంది.

“గీ తీగ ఒక్క పొరకే. పొర మీద పొర ఏస్తే పెళుసైతది. ట్రాలీ గుంతల పడ్డప్పుడు అతుకు జర వంగాలె గని ఇరగొద్దు” అన్నాడు ఉస్తాద్, కోపమన్నది లేకుండా. రెండో తీగతో ఆయన వేసిన ముక్క ఎంత కొట్టినా వంగిందే తప్ప ఎక్కడా పగల్లేదు. అంత గొప్ప పనితనం నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు. ట్రాలీకి అదే వేశాడు.

వారం తర్వాత పెద్దాయన ఇంటిల్లిపాదినీ ట్రాలీలో ఎక్కించుకుని అనంతగిరి వెళ్లివస్తూ షెడ్డు దగ్గర ఆగాడు. “ఉస్తాద్ చెప్పిండు. పరీక్ష చేసి తీగ ఏరింది గీ బిడ్డనేనట” అని భార్యకు నన్ను చూపించాడు. ఆవిడ మనవడిని చంకనుంచి దింపి, నా తల మీద రెండు చేతులూ పెట్టి, “సల్లగుండు బిడ్డా, మా పానాలు కాపాడినవ్” అంది. నేను దిక్కుతోచక ఉస్తాద్ వైపు చూశాను. ఆయన అప్పటికే ముఖానికి వెల్డింగ్ అద్దం అడ్డం దించుకుని, పనిలో మునిగినట్టు నటిస్తున్నాడు.

ఏరింది నేను కాదని చెప్పాల్సింది. చెప్పలేదు. ఉద్యోగంలో చేరాక తన తల నిమిరిన మొదటి చేతులవి; వాటిని తీసేయమనడానికి అప్పటి ఆ ఇంజినీరమ్మకు మనసొప్పలేదు, పాపం.